కినోవా చేదు సరే, ఎండ సంగతేంటి?

దక్షిణ అమెరికా ఆండీస్ కొండల గింజ పంట కినోవా, దాని వంగడాల గురించి ఎక్కడ చదివినా ముందు కనిపించేది చేదు గొడవే. గింజ పైపొరలో సపోనిన్లనే చేదు పదార్థాలు ఉంటాయి, నీళ్లలో వేసి రుద్దితే నురగ వచ్చేది వాటివల్లే, సరిగ్గా కడక్కుండా వండితే నోట్లో పెట్టుకోలేం. బొలీవియాలో 1960లలోనే పంట శాస్త్రవేత్త హుంబెర్తో గాందరిల్లాస్ చేదు లేని సజామా రకాన్ని తెచ్చారు. 2017లో సౌదీలోని కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీలో మార్క్ టెస్టర్ బృందం కినోవా జన్యుక్రమాన్ని ప్రచురించినప్పుడు కూడా చేదును నడిపించే జన్యువు గురించే అందరూ మాట్లాడారు.

చేదు తీసేస్తే పనైపోయిందా అంటే, లేదు. పిట్టలు కంకుల మీద పడకుండా ఇన్నాళ్లూ కాపలా కాసింది ఆ చేదే కదా! ఇంకో చిక్కు ఉంది, నాకైతే భలే నచ్చింది. కినోవా ఎక్కువగా సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది గానీ కొంత బయటిది కూడా పడుతుంది, చేదేమో బహిర్గత లక్షణం, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచి వచ్చినా బయటపడేది, పైగా గింజ పైపొర తల్లి మొక్కదే, కాబట్టి పక్క పొలంలోని చేదు రకం పుప్పొడి వచ్చి పడినా ఈ పంట గింజల్లో తేడా తెలియదు, వాటినే విత్తనానికి దాచుకుంటే వచ్చే పంటలో బయటపడుతుంది. అందుకే ఇలాంటి రకాల విత్తనం శుద్ధంగా నిలబెట్టడం పెద్ద తలనొప్పి.

సంకరం చేయడమూ తేలిక కాదు. ఒక్కో పువ్వు రెండు మూడు మిల్లీమీటర్లు, కంకి నిండా వందలు, వాటిలో పుంకేసరాలు ఏరిపారేయాలంటే భూతద్దం, చిమటా, బోలెడంత ఓపిక కావాలి. పుప్పొడి పుట్టని మొక్కలుంటే ఈ బాధ తప్పుతుంది. బొలీవియా రకం అపెలావాలో ఉన్న ఈ గుణం మీద 1994లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులిద్దరు అమెరికాలో పేటెంటే తీసుకున్నారు. తరతరాలుగా ఆ పంటను కాపాడుకొచ్చిన బొలీవియా రైతులు ఊరుకుంటారా? గట్టిగా ఎదురుతిరిగారు, దాంతో 1998లో యూనివర్సిటీ వాళ్లు పేటెంట్ వదిలేశారు. మంచి పని.

నన్నడిగితే చేదు మీద పెట్టే శ్రమలో సగమైనా ఎండ మీద పెట్టాలి. చేదును మరలో రాపిడి చేసి, కడిగి పోగొట్టొచ్చు, పూత మీదుండగా 35 డిగ్రీలు దాటితే గింజ కట్టని పంటను ఏ మరా బాగు చేయలేదు. టిటికాకా సరస్సు చుట్టూ, 3,800 మీటర్ల ఎత్తులో, చలిలో పెరిగిన పంట మరి! చిలీ తీరపు రకాలు సముద్రమట్టం దగ్గరే పండుతాయి కాబట్టి దిగువ ప్రాంతాలకు బ్రీడర్లు వాటివైపే చూస్తున్నారు. ఉత్తర అమెరికా వేడి ప్రాంతాల్లో కలుపులా పెరిగే కినోవా అడవి చుట్టం, చెనోపోడియం బెర్లాండియేరి కూడా ఉంది. కినోవాకూ దీనికీ 36 క్రోమోజోములే, సంకరం కుదురుతుంది, కాకపోతే చిన్న నల్ల గింజలు, రాలిపోయే గుణం కూడా వెంట వస్తాయి, వాటిని వదిలించుకోవడానికి తరం తరం మళ్లీ కినోవాతోనే కలుపుతూ పోవాలి. ఆ అడవి గింజ మందపాటి పొరను మాత్రం తొందరపడి తీసిపారేయకూడదేమో, ఎందుకంటే సాగులో పొర పలచబడిపోయిన కినోవా కోతకొచ్చాక వాన పడితే కంకి మీదే మొలకెత్తేస్తుంది.