సీసా ఎవరిదో కాదు, పక్కన ఎవరున్నారో

మా ఇంట్లో మద్యం ముట్టేవారెవరూ లేరు. అయినా ఇక్కడ గ్లాస్గోలో పొరుగింటివారు భోజనానికి పిలిస్తే చేతులూపుకుంటూ వెళ్లడం మర్యాద కాదు గనుక, ఏడాదికి రెండు మూడుసార్లు వైన్ సీసా కొనక తప్పదు. మొన్న డిసెంబరులో అందుకే సూపర్‌మార్కెట్‌కు వెళ్లినప్పుడు, పెరుగు డబ్బాలు, కొత్తిమీర కట్టలతో పాటు ఆ సీసాను కూడా మా అబ్బాయే ట్రాలీలోంచి తీసి కౌంటర్ మీద పెట్టాడు. అక్కడున్న ఆవిడ నా నెరిసిన తలను వదిలేసి వాడిని గుర్తింపు కార్డు అడిగింది. వాడికి 20 నిండాయి గానీ కార్డు ఇంట్లో ఉండిపోయింది. కొనేది నేను, డబ్బిచ్చేది నేను అని ఎంత చెప్పినా, ఆవిడ "సారీ" అంటూ సీసాను కౌంటర్ కిందికి చేర్చేసింది. వెనక వరుసలో ఉన్నవారంతా చూస్తుండగా, కన్నకొడుకు చేత సారా మోయిస్తూ పట్టుబడ్డవాడిలా నిలబడ్డాను.

ఇక్కడ మద్యం కొనడానికి 18 ఏళ్లు నిండితే చాలు. అయితే 25 ఏళ్లలోపు వారిలా కనిపించే ప్రతి ఒక్కరినీ రుజువు అడగాలన్న 'చాలెంజ్ 25' పద్ధతి స్కాట్లాండ్‌లో 2011 అక్టోబరు నుంచి చట్టప్రకారం తప్పనిసరి. మైనర్లకు కొనిపెట్టడం పెద్దలకు నేరం కనుక ఆవిడ అనుమానాన్ని అర్థం చేసుకోగలను. కానీ అడగవలసింది కొనేవారి వయసు, సరుకులు అందించినవారిది కాదు. విచిత్రమేమిటంటే, వీడికి 16 ఏళ్లున్నప్పుడే నేను రెస్టారెంటులో కొనిపెట్టి ఉంటే భోజనంతో పాటు ఒక గ్లాసు వైన్ తాగడానికి ఇక్కడి చట్టం అడ్డు చెప్పేది కాదు!

కార్లో నేను చిటపటలాడుతుంటే, "ఆవిడ ఉద్యోగం ఆవిడ చేసింది, వదిలెయ్ నాన్నా" అన్నాడు వాడు. తెనాలిలో తొమ్మిదేళ్లప్పుడు నన్ను మా చిన్నాన్న సిగరెట్లకు బడ్డీకొట్టుకు పంపేవాడు. కొట్టతను అడిగింది చిల్లర తెచ్చావా అని మాత్రమే. మద్యానికి 21 ఏళ్లు నిండాలని అక్కడా నిబంధన ఉంది, కానీ ఎవరినైనా వయసు అడగగా నేను చూడలేదు. అడగడమంటే అవమానించడమేనన్న నా లెక్క అక్కడిదే కాబోలు.

ఇదంతా విని నవ్వింది మా అమ్మాయి. దానికి 17, శనివారాలు ఒక దుకాణంలో పని చేస్తుంది. మైనరు కనుక మద్యం సీసా వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తి, పెద్దవారెవరైనా వచ్చి సరేనన్నాకే అమ్మాలి. అప్పుడు బయటపడింది, పోయిన నెలలో మా కుటుంబ మిత్రుడొకాయన కొడుకుతో వస్తే, ఆ కుర్రవాడి దగ్గర కార్డు లేదని ఆయనకు బీరు ఇవ్వకుండా పంపేసిందట. "అంకుల్‌కే ఇవ్వలేదా?" అన్నాను. "కౌంటర్ దగ్గర అంకుల్ ఏమిటి నాన్నా," అంది. సంక్రాంతి భోజనాలకు పిలిస్తే ఆయన ఎందుకు ముభావంగా ఫోను పెట్టేశాడో నాకు అప్పటికి గాని తెలిసిరాలేదు.

మర్నాడు ఆయనకు ఫోను చేసి సర్దిచెప్పి, సీసా కోసం మళ్లీ బయలుదేరాను. అబ్బాయి వస్తానన్నాడు, ఈసారి కార్డు కూడా జేబులో పెట్టుకున్నాడు. అయినా కార్లోనే కూర్చోమన్నాను.