గేట్ పెట్రోలియం: ఒక ఏడాది నన్ను ఆపేసిన ఉష్ణోగ్రత లెక్క

రెండో ప్రయత్నంలో గేట్ పెట్రోలియం ఇంజనీరింగ్ పేపరులో నాకు రెండంకెల ర్యాంకు వచ్చింది. ఆ సంతోషం తాజాగా ఉండగానే ఇది రాస్తున్నాను. సిలబస్, మార్కుల పంపకం మీకు తెలిసినవే. డ్రిల్లింగ్, వెల్ టెస్టింగ్, గణితం అందరిలాగే పాత పేపర్లతో చదివాను, వాటి గురించి కొత్తగా చెప్పడానికేమీ లేదు. నేను చెప్పదలచుకున్నది వేడి పెరిగినప్పుడు రిజర్వాయర్ శిలలో (రంధ్రాల్లో చమురును పట్టి ఉంచే రాతిలో) చమురు, నీరు ఎలా కదులుతాయన్న ఒక్క అంశం గురించే.

మొదటి ఏడాది నా నోట్సులో ఒక వాక్యం ఉండేది: ఉష్ణోగ్రత పెరిగితే ఇర్రెడ్యూసిబుల్ వాటర్ సాచురేషన్ (రంధ్రాల్లో ఎంత తోసినా కదలని నీటి వాటా) పెరుగుతుంది, రెసిడ్యువల్ ఆయిల్ (చివరికి మిగిలిపోయే చమురు) తగ్గుతుంది, శిల మరింత వాటర్‌వెట్ (చమురుకన్నా నీటినే అంటిపెట్టుకునేది) అవుతుంది. దాన్ని కంఠస్థం చేశాను. పరీక్షకు పది రోజుల ముందు రాసిన మాక్ టెస్టులో 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 90 డిగ్రీల దగ్గర ఫ్రాక్షనల్ ఫ్లో (మొత్తం ప్రవాహంలో నీటి వాటా) కనుక్కోమన్న లెక్క వచ్చింది. రిలేటివ్ పర్మియబిలిటీలు (చమురు, నీరు కలిసి ఉన్నప్పుడు ఒక్కోటి శిలలో ఎంత సులువుగా పారుతుందో చెప్పే కొలతలు) ఇచ్చారు, వాటిని మార్చమని ఎక్కడా చెప్పలేదు. అయినా కంఠస్థమైన ఆ వాక్యాన్ని నమ్మి ఆ పర్మియబిలిటీల కర్వులను కుడివైపుకు జరిపాను. జవాబు తప్పింది. ఆ తప్పు ఎక్కడిదో తేల్చుకోలేకపోవడంతో, అసలు పరీక్షలో ఫ్రాక్షనల్ ఫ్లో ప్రశ్నలను చివరికి వదిలేశాను, సమయం చాలలేదు.

లెక్క నిజానికి చిన్నది. నీటి స్నిగ్ధత (చిక్కదనం) 30 డిగ్రీల దగ్గర 0.8 సెంటీపాయిజ్, 90 దగ్గర 0.315. చమురుది 100 నుంచి 10కి పడిపోయిందనుకుందాం. ఒకానొక సాచురేషన్ దగ్గర చమురు రిలేటివ్ పర్మియబిలిటీ 0.4, నీటిది 0.1 అనుకుంటే, చల్లగా ఉన్నప్పుడు నీటి వాటా 0.97, వేడిమీద 0.89. కర్వులను ముట్టుకోకుండానే ఇంత తేడా వచ్చింది. వేడికి రెండు ద్రవాలూ పలచబడతాయి, కానీ చమురు పదిరెట్లు పలచబడితే నీరు రెండున్నర రెట్లే పలచబడింది. స్నిగ్ధతల నిష్పత్తి 125 నుంచి 32కి దిగింది, నీరు చమురును దాటి ముందుకు ఉరికే వేగం ఆ మేరకు తగ్గింది.

మరి నా నోట్సులోని వాక్యం ఎక్కడిది? దాని మూలం వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. 1975లో వైన్‌బ్రాంట్, రేమీ, కాసే అనే పరిశోధకులు శాండ్‌స్టోన్ కోర్ల (స్తంభాకారపు శిల నమూనాల) మీద ప్రయోగాలు చేసి, వేడితో రిలేటివ్ పర్మియబిలిటీ మారుతుందని ప్రకటించారు. పదేళ్ల తర్వాత, 1985లో మిల్లర్‌తో కలిసి అదే రేమీ, ఒట్టావా ఇసుక, బెరియా శాండ్‌స్టోన్‌లతో చేసిన 20 అంగుళాల పొడవాటి కోర్ల మీద, సుమారు 300 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు పరీక్షించి, చెప్పుకోదగ్గ మార్పేమీ లేదని తేల్చారు. వెనకటి ఫలితాలను విస్కస్ అస్థిరత (పలచటి నీరు చిక్కటి చమురులోంచి పాయలుగా దూసుకుపోవడం), కోరు చివర కేశికా ప్రభావం (సన్నని రంధ్రాలు ద్రవాన్ని పట్టి ఉంచడం), మెటీరియల్ బ్యాలెన్స్‌లో (లోపలికి పంపిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్కలో) ఇబ్బందులు ప్రభావితం చేసి ఉండవచ్చని రాశారు. తన పేరున్న ఫలితాన్నే తిరిగి పరీక్షకు పెట్టిన ఆ పరిశోధకుడి మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది.

చదివినా మనసుకు ఎక్కలేదు. ఒక పెద్ద సిరంజి అడుగున గుడ్డ పెట్టి, గోదావరి ఇసుక నింపి, ఆముదంతో తడిపాను. చల్లని నీరు పోస్తే అది గోడ పక్కనే చీపురుపుల్లంత పాయ చేసుకుని దిగిపోయింది, మిగతా ఇసుక ఆముదంతో మెరుస్తూ అలాగే ఉండిపోయింది. తర్వాత అదే సిరంజిని అరగంట వేడినీళ్ల గిన్నెలో ఉంచి వేడినీరు పోశాను. పాయ వెడల్పయింది, నీటితోపాటు ఆముదం బొట్లు చాలాసేపు వస్తూనే ఉన్నాయి. "ఇంకా ఎంతసేపు పోస్తావురా?" అని అమ్మ అడిగిన క్షణాన నాకు విషయం తట్టింది. పోయడం ఎప్పుడు ఆపితే అప్పటికి మిగిలినదాన్నే నేను రెసిడ్యువల్ అంటున్నాను! చిక్కటి చమురైతే ఎన్నో పోర్ వాల్యూములు (రంధ్రాలన్నీ నిండేంత నీరు ఒక పోర్ వాల్యూము) పంపాలి. తొందరపడి ఆపితే చల్లటి కోరులో ఎక్కువ మిగిలినట్టు, వేడి కోరులో తక్కువ మిగిలినట్టు కనిపిస్తుంది.

ఒక్క టాపిక్ మీద మూడు వారాలు వృథా చేశానని నాతో చదివినవారు అన్నారు. నేను ఒప్పుకోను. అర్థం కానిదాన్ని దాటి వెళ్లడం వేగం అనిపించుకోదు, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం ఒక్కటే క్రమశిక్షణా కాదు. ఆ మూడు వారాల తర్వాత నీరు చమురును తోసే తీరును లెక్కకట్టే బక్లీ–లెవెరెట్, వెల్జ్ పద్ధతులు, మొబిలిటీ రేషియో (రెండు ద్రవాలు కదిలే సులువుల నిష్పత్తి), థర్మల్ ఈఓఆర్ (వేడితో అదనపు చమురు తీయడం) అన్నీ ఒకే దారానికి గుచ్చినట్టు వచ్చేశాయి. గుజరాత్‌లోని బలోల్‌లో భూగర్భంలోనే చమురును కొంత మండించడం ఎందుకో, రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రంలో చమురులోని మైనం గడ్డకట్టకుండా వేడినీటిని ఇంజెక్ట్ చేయడం ఎందుకో విడిగా బట్టీ పట్టవలసిన పని లేకపోయింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 1985 నాటి ప్రయోగాలు శుద్ధి చేసిన మినరల్ ఆయిల్‌తో జరిగాయి. ఆస్ఫాల్టీన్లు (తారులాంటి బరువైన పదార్థాలు) ఉన్న భారమైన ముడిచమురులో వేడికి వెట్టబిలిటీ (శిల నీటిని అంటిపెట్టుకుంటుందా, చమురునా అన్న గుణం) మారే అవకాశం ఉంది కాబట్టి, "మార్పే ఉండదు" అన్న వాక్యాన్ని కూడా కంఠస్థం చేయకండి. ప్రశ్నలో కర్వులు రెండు ఉష్ణోగ్రతలకూ వేర్వేరుగా ఇస్తే రెండూ వాడండి. ఒకటే ఇస్తే స్నిగ్ధతలను మాత్రమే మార్చండి. ఈసారి పరీక్ష హాలులో స్క్రిబుల్ ప్యాడ్ మీద నేను మొట్టమొదట రాసుకున్నది ఆ స్నిగ్ధతల నిష్పత్తినే.