వైఫై కార్డు బిగించేశా

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో వైఫై కార్డు స్లాట్‌లో కూర్చోగానే టక్‌మని వినిపిస్తుందని చెవులు రిక్కించా. ఏమీ రాలేదు. పీసీఐఈ ఎక్స్‌1 అంటే ఇలాంటి అదనపు కార్డులు గుచ్చే చిన్న స్లాట్ కదా, దానికి మామూలుగా గొళ్ళెం ఉండదు, వేళ్ళకి తెలియాలంతే. మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు) మీద అంత గట్టిగా నొక్కాలంటే మాత్రం టెన్షనే.

అసలు తమాషా పెట్టెలో ఉన్న సన్న కేబుల్‌ది. కార్డు స్లాట్‌లో పెట్టేశాం కదా, ఇంకా ఈ వైరెందుకు అనిపిస్తుంది. వైఫై స్లాట్ ద్వారా నడుస్తుంది గానీ అదే కార్డులోని బ్లూటూత్‌కి యూఎస్‌బీ కావాలి, అందుకే ఆ వైరు మదర్‌బోర్డు మీద 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి (వైరు గుచ్చే పిన్నుల వరసకి) వెళ్ళాలి. అది పెట్టకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ అసలు కనిపించదు. 10 పిన్నుల చోట ఒకటి కావాలనే ఖాళీగా వదిలారు, తిరగేసి పెట్టకుండా. ఎవరు ఆలోచించారో గానీ దండం పెట్టాలి.

తర్వాత ఇంకో విచిత్రం, నెట్ రావాలంటే డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) కావాలి, డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి! ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి పంచడం) ఆన్ చేస్తే పనైపోయింది.

యాంటెన్నాలు కేబినెట్ వెనకాల ఇనప రేకుకీ గోడకీ మధ్య ఇరుక్కుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ నీరసపడుతుంది. మీరు కొనేటట్లయితే వైరుతో టేబుల్ మీద పెట్టుకునే యాంటెన్నా ఉన్నదే తీసుకోండి.