టాకో మసాలా కొట్టుకున్న రోజు

ఈ రోజు సెలవు కావడంతో, ఎప్పటినుంచో వాయిదా పడుతూ వస్తున్న టాకో మసాలా పనిని పొద్దున్నే మొదలుపెట్టాను. టాకో అంటే టోర్టియా అనే పలుచని రొట్టెలో కూర పెట్టి మడిచి తినే మెక్సికన్ వంటకం. ఇన్నాళ్లూ వాడిన అంగడి మసాలా పొట్లాల రుచిని నేను తప్పు పట్టను గానీ, వండేవారి చేతికి అవి ఏ అధికారాన్నీ ఇవ్వవన్నదే నా అభ్యంతరం. సుమారు 28 గ్రాముల పొట్లం 450 గ్రాముల కైమాకు సరిపోతుందంటారు. ఆ కొద్దిపాటి పొడిలోనే మిరప, జీలకర్రలతో పాటు ఉప్పు, చక్కెర, చిక్కదనం కోసం కార్న్ స్టార్చ్ లేదా మాల్టోడెక్స్‌ట్రిన్, కొన్నిటిలో గడ్డ కట్టకుండా సిలికాన్ డయాక్సైడ్ కూడా కలిసి ఉంటాయి. ఘాటు చాలలేదని ఇంకాస్త పొడి వేస్తే కూర ఉప్పన అవుతుంది. ఉప్పు తగ్గాలని పొడి తగ్గిస్తే వాసన కూడా తగ్గిపోతుంది. మసాలాను మసాలాగా, ఉప్పును ఉప్పుగా, చిక్కదనాన్ని చిక్కదనంగా దేనికది విడిగా ఉంచుకోవాలన్నదే ఇంట్లో పొడి కొట్టుకోవడంలో నా ఉద్దేశం.

మెక్సికోలో టాకోలన్నిటికీ ఒకే పొడి అనే పద్ధతి లేదు. కార్నీతాస్ అనే రకం కోసం పంది మాంసాన్ని దాని కొవ్వులోనే తీరిగ్గా మగ్గిస్తారు. అల్ పాస్తోర్‌కైతే ఎండు మిరపకాయలు, ఎర్ర రంగునిచ్చే అచియోతే గింజలు కలిపి నూరిన ముద్దను మాంసానికి పట్టించి, లెబనాన్ నుంచి వలస వచ్చినవారు తెచ్చిన పద్ధతిలో నిలువు ఊచకు గుచ్చి కాలుస్తారు. పొట్లాల్లో మనం ఎరిగిన ఆ జీలకర్ర, మిరప కలిసిన కైమా రుచి సరిహద్దుకు ఉత్తరాన, టెక్సాస్, మెక్సికో రుచులు కలిసిన టెక్స్-మెక్స్ వంటలో కుదురుకున్నది. టెక్సాస్‌లోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన విలియం గెబ్‌హార్ట్ 1890లలో ఎండు మిరపకాయలను మసాలా దినుసులతో కలిపి పొడి చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అమెరికన్ వంటల్లో టేబుల్ స్పూన్ల లెక్కన వేయమనే చిలీ పౌడర్ అటువంటి మిశ్రమమే కాబట్టి, అదే కొలతకు ఒట్టి కారం పొడి వేస్తే ఆ వంట నోట పెట్టుకోలేము. ఈ సంగతి తెలియకనే చాలామంది టాకో అంటే మంట అనుకుంటారు.

ఉదయం ఎక్కువసేపు మిరపకాయలతోనే గడిచింది, గడపవలసింది కూడా వాటితోనే. నేను తీసుకున్నవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఆంచో, అంటే పండి ఎండిన పొబ్లానో మిరప. అరచెయ్యంత వెడల్పుగా, ముడతలు పడి, దాదాపు నల్లగా కనిపిస్తుంది గానీ, చీల్చి కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే లోపల ముదురు ఎరుపు మెరుస్తుంది. అలా ఎర్రగా కాక గోధుమ రంగుగా కనిపిస్తే అది దాని దగ్గరి చుట్టం ములాటో అని పోల్చుకోవచ్చు. వాసన చూస్తే ఎండుద్రాక్ష గుర్తుకు వస్తుంది. రెండవది గువాహియో. సన్నగా, పొడవుగా, నున్నటి తొక్కతో ఉండే ఈ కాయలో పులుపు ఛాయ ఉంటుంది, పొడికి మంచి ఎరుపు దీనివల్లనే వస్తుంది. మిరప ఘాటును లెక్కగట్టే స్కోవిల్ కొలతలో ఆంచో సాధారణంగా 1,000 నుంచి 2,000 మధ్య, గువాహియో 2,500 నుంచి 5,000 మధ్య ఉంటాయి. కయెన్ మిరప 30,000 దాటుతుంది. ఆ తేడా వల్లనే ఈ రెండు కాయల పొడిని ధారాళంగా వేసుకుని, మంటకు భయపడకుండా మిరపలోని అసలు రుచిని తినగలుగుతాం.

తొడిమలు తీసి, కాయ చీల్చి, గింజలతో పాటు లోపలి తెల్లటి ఈనెలను కూడా తీసేశాను. గింజలే కారమని అందరూ అంటారు గానీ, మంట పుట్టించే కాప్సైసిన్ అనే పదార్థం తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే ఆ ఈనెలలోనే. గింజలకు ఉన్న కారం ఎక్కువగా వాటినుంచి అంటినదే. తరవాత ఇనుప పెనం మధ్యస్థంగా కాగాక, తొక్కలను పరిచి అట్లకాడతో అదిమి, ఒక్కో వైపు అర నిమిషం లోపే ఉంచి తీశాను. తొక్క కొద్దిగా పొంగి, లేత మచ్చలు కనిపించి, గది నిండా వాసన వచ్చిందంటే ఇక దించవలసిందే. పొగ వచ్చేదాకా ఉంచితే చేదెక్కుతుంది, ఆ చేదును పొడిలో ఇంకేదీ కప్పిపుచ్చలేదు. ఆంచో తోలులా సాగుతుంది గనుక, వేయించాక కూడా మెత్తగా ఉన్న ముక్కలను 120 డిగ్రీల ఓవెన్‌లో కాసేపు ఉంచి, బయట పూర్తిగా చల్లారనిచ్చాను. చల్లారితేనే తొక్క పెళుసెక్కి మిక్సీలో పొడి అవుతుంది, వేడి మీద వేస్తే ఆవిరి పట్టి ముద్ద కడుతుంది.

పొడిని వేలికొసతో అద్దుకుని నాలుక మీద వేసుకున్న మా అమ్మాయి, "అమ్మా, ఇందులో కారమే లేదు" అంది. "కారం విడిగా కలుపుకుందాంలే, ముందు వాసన చూడమ్మా" అన్నాను. మళ్ళీ చూసి, తియ్యగా ఉందని తనే ఒప్పుకుంది.

జీలకర్రను విడిగా, దోరగా వేయించాను. తూర్పు మధ్యధరా ప్రాంతాలకు చెందిన ఈ దినుసు స్పానిష్ వారి వెంట మెక్సికో చేరింది. మిరప అక్కడ వేల ఏళ్ళుగా పండుతున్నది. ఈ పొడిలో ఇంటి మనిషి మిరపే గనుక, జీలకర్రకు ఎప్పుడూ రెండో స్థానమే ఇవ్వాలని నా పట్టుదల. చాలా పొట్లాల్లో డబ్బు ఆదా కోసమో ఏమో జీలకర్రే ముందు వాసన కొడుతుంది. ఒరెగానోను మాత్రం వేయించలేదు. మెక్సికన్ ఒరెగానో వెర్బెనా కుటుంబపు మొక్క, మధ్యధరా ఒరెగానో పుదీనా కుటుంబానికి చెందినది. మొదటిదానిలో నిమ్మజాతి వాసన ఉంటుంది, మిరపతో అదే బాగా పొసగుతుంది. అరచేతుల మధ్య నలిపి చివర్లో కలిపాను.

చివరికి పాళ్ళు ఇలా కుదిరాయి: మిరప పొడి 6 టేబుల్ స్పూన్లు, జీలకర్ర పొడి 2, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఒరెగానో ఒక్కొక్కటి 1 టేబుల్ స్పూన్, మిరియాల పొడి 1 టీస్పూన్, పొగ వాసన కోసం చిపోట్లే పొడి 1 టీస్పూన్. చిపోట్లే అంటే పొగబెట్టి ఎండించిన హలపీన్యో అనే మెక్సికన్ మిరపకాయ; దాని పొగ మిగతావాటిని సులువుగా మింగేస్తుంది గనుక ఇంతకన్నా ఎక్కువ వేయడం నాకు ఇష్టం లేదు. అన్నిటినీ కలిపి ఒకసారి జల్లించాను.

రాత్రి వంటలో 450 గ్రాముల కైమాకు 2 టేబుల్ స్పూన్ల పొడి, ముప్పావు టీస్పూన్ ఉప్పు పట్టాయి. కైమా గోధుమ రంగు తిరిగి కొవ్వు పైకి తేలాక, మాంసాన్ని పక్కకు జరిపి ఆ కొవ్వులోనే పొడి వేసి, సన్నటి సెగ మీద అర నిమిషం తిప్పాను. మిరపలోని ఎరుపూ కాప్సైసినూ కొవ్వులో బాగా కరుగుతాయి, నీటిలో కరగవు. ముందే నీళ్ళు పోసి పొడి చల్లితే అది నీళ్ళలో పచ్చిగా తేలుతుంది. వెల్లుల్లి పొడి త్వరగా మాడే స్వభావం గలది కాబట్టి అంతకుమించి ఆగకుండా అరకప్పు నీళ్ళు పోశాను. కార్న్ స్టార్చ్‌కు బదులు ఒక టీస్పూన్ మాసా హరీనా చల్లాను. సున్నపు నీటిలో ఉడికించిన మొక్కజొన్నతో చేసే ఆ పిండి రసాన్ని చిక్కబరచడమే కాక, టోర్టియాకు ఉండే వాసననే కైమాకు కూడా ఇస్తుంది. దించే ముందు నిమ్మరసం పిండాను.

మిగిలిన పొడిని చిన్న గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి, పొయ్యికి దూరంగా చీకటి అరలో ఉంచాను. వెలుతురు, గాలి తగిలితే ఎరుపు పాలిపోతుంది, దానితో పాటే వాసనా పోతుంది. ఎండు కాయ పొడికన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది కనుక ఒకేసారి ఎక్కువ కొట్టి పెట్టుకోవడంలో అర్థం లేదు. కారం కావాలనే వారి కోసం దె ఆర్బోల్ మిరపకాయలను వేయించి వేరే సీసాలోకి కొట్టాలి. రేపు నల్ల చిక్కుడు గింజలకు ఇదే పొడి వేసి చూస్తాను; వాటిలో కొవ్వు లేదు కాబట్టి ముందుగా రెండు చెంచాల నూనెలో పొడిని వేయించవలసి ఉంటుంది.