కంప్యూటర్ చేతికి అందని బ్యాకప్

ఇంట్లోని కంప్యూటర్‌లో ఉన్న ఫొటోలు, పత్రాలు భద్రంగా ఉండాలని నాస్ పరికరం (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) కొనుక్కున్నవారిలో చాలామంది, అందులోని ఒక ఫోల్డర్‌ను విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకుని, ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేసి, బ్యాకప్ అయిపోయిందని నిశ్చింతగా ఉంటారు. నా దృష్టిలో అక్కడికి సగం పనే అయింది. మనం ఏ ఫోల్డర్‌లో రాయగలమో, చెరపగలమో, ఆ కంప్యూటర్‌లోకి చొరబడిన ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) కూడా ఆ ఫోల్డర్‌ను అంతే సులువుగా పాడుచేయగలదు.

రెయిడ్ 1, అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే ఏర్పాటు, ఉందన్న ధీమా ఇక్కడ అక్కరకు రాదు. ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

అందుకే నేను స్నాప్‌షాట్‌లకు పెద్దపీట వేస్తాను. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లలో (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో) స్నాప్‌షాట్ తీసుకుంటే, ఆ క్షణానికి ఫోల్డర్ ఏ స్థితిలో ఉందో అదే స్థితి నిలిచిపోతుంది. ఆ తర్వాత మారిన భాగాల మేరకే అదనపు చోటు ఖర్చవుతుంది కనుక, రోజుకొకటి చొప్పున నెల రోజులవి ఉంచుకున్నా మామూలు ఇంటి ఫైళ్లకు పెద్ద భారం కాదు. వాటిని తొలగించే అధికారం నాస్ అడ్మిన్ ఖాతాకే ఉండాలి, ఆ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కంప్యూటర్ బ్రౌజర్‌లో సేవ్ చేయకూడదు. బ్యాకప్ ప్రోగ్రామ్‌కు విడిగా ఒక ఖాతా ఇచ్చి, బ్యాకప్ ఫోల్డర్ తప్ప మరేదీ దానికి అందకుండా చూడాలి. రోజువారీ ఖాతాకు ఆ ఫోల్డర్‌లో రాసే అనుమతి అసలే వద్దు. నాస్‌లో ఎస్‌ఎంబీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత ప్రోటోకాల్) ఇంకా ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ దేశదేశాలకు పాకింది విండోస్‌లో ఆ పాత ప్రోటోకాల్‌ను నడిపే భాగంలోని లోపం గుండానే.

మొదటి బ్యాకప్‌ను వైఫై మీద కాకుండా కేబుల్‌తో చేయడం మేలు. గిగాబిట్ లైన్‌లో సెకనుకు సుమారు 110 మెగాబైట్లు వెళ్తాయి కనుక, పెద్ద ఫైళ్లయితే ఒక టెరాబైట్‌కు రెండున్నర గంటలు చాలు. వేల కొద్దీ చిన్న ఫైళ్లయితే ఇంకా చాలాసేపు పడుతుంది. ఆపై మారినవే వెళ్తాయి.

అప్పుడప్పుడు ఏదో ఒక పాత తేదీ ఎంచుకుని, ఒక ఫోల్డర్‌ను వేరే చోటికి రీస్టోర్ చేసి, అందులోని ఫొటోలను నిజంగా తెరిచి చూడాలి. పేర్లు కనిపించినంత మాత్రాన ఫైళ్లు బాగున్నట్టు కాదు. అగ్నిప్రమాదమో దొంగతనమో జరిగితే కంప్యూటర్, నాస్ రెండూ ఒక్కసారే పోతాయి కాబట్టి, ఎన్‌క్రిప్ట్ చేసిన యూఎస్‌బీ డిస్కు ఒకటి వేరే ఇంట్లో ఉంచడం, దాని పాస్‌వర్డ్‌ను ఈ రెండు పరికరాల్లోనే కాక బయట కూడా రాసిపెట్టుకోవడం తప్పనిసరి.