లెక్కలోకి రాని దెబ్బలు

"కేసెందుకమ్మా? మీ ఆయన్ని పిలిచి గట్టిగా చెప్తాంలే, ఇంటికెళ్లు" అన్నారు స్టేషన్లో.

అక్క ఏమీ అనలేదు. మోచేతి కింద గాజు గీసుకుపోయిన చోట పసుపు అద్దుకుని వచ్చింది పాపం. ఆమె రాసిచ్చిన అర్జీని మడిచి టేబుల్ అద్దం కింద పెట్టేశారు. ఎఫ్‌ఐఆర్ లేదు, నంబరూ లేదు.

ఇంటికొచ్చినా మనసు కుదుటపడలేదు. దేశంలో నమోదైన నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ వాళ్ల 2022 నివేదిక తెరిచాను. మహిళలపై నేరాలు దేశం మొత్తమ్మీద 4,45,256 కేసులు. అందులో 31 శాతానికి పైగా భర్తో, అతని బంధువులో పెట్టిన హింసే. అయితే ఇవన్నీ ఎఫ్‌ఐఆర్ అయినవే. అద్దం కింద ఉండిపోయిన కాగితం ఆ పుస్తకంలోకి ఎలా వస్తుంది?

అదే ఇంటింటికీ వెళ్లి అడిగిన కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి. తెలంగాణలో 18-49 ఏళ్ల వివాహితల్లో 36.9 శాతం మంది, ఆంధ్రాలో 30 శాతం మంది భర్త చేతిలో హింస పడ్డామన్నారు. దేశంలో దెబ్బలు తిన్నవాళ్లలో ఎవరో ఒకరి సాయం కోరింది 14 శాతమే!

ఏటా కేసులు పెరిగితే పరువు పోయిందని, తగ్గితే మెరుగుపడ్డామని మాట్లాడుకుంటాం. నాకైతే పెరిగినప్పుడే కాస్త ధైర్యంగా ఉంటుంది, ఇంకొందరు గడప దాటారని.

స్టేషన్లో కేసు రాయకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చని చట్టంలోనే ఉంది. అక్క సరేనంది. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు కూడా ఆమె ఫోన్‌లో సేవ్ చేసి ఇచ్చాను.