నర్సు పట్టాకు పక్క దేశంలో గుర్తింపు

ఐరోపా సమాఖ్యలో ఒక దేశంలో చదివిన నర్సు మరో దేశానికి వెళ్లి ఉద్యోగంలో చేరడం సులువేనని చాలామంది అనుకుంటారు. 2005లో వచ్చిన 36వ నంబరు డైరెక్టివు (సభ్య దేశాలన్నీ అమలు చేయాల్సిన సమాఖ్య చట్టం), దానికి 2013లో చేసిన సవరణ ఆ నమ్మకానికి మూలం. వైద్యులు, జనరల్ నర్సులు, దంతవైద్యులు, మిడ్‌వైఫులు, ఫార్మసిస్టుల పట్టాలకు వాటి ప్రకారం ఆటోమేటిక్ గుర్తింపు ఉంది. జనరల్ నర్సుకు కనీసం మూడేళ్లు, 4,600 గంటల శిక్షణ ఉండాలనీ, అందులో సగమైనా రోగుల దగ్గరే జరగాలనీ సభ్య దేశాలన్నీ ముందే ఒప్పుకున్నాయి కాబట్టి, పాఠ్యాంశాలను మళ్లీ తూకం వేసే పని ఉండదు. ఇది న్యాయమైన ఏర్పాటు అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఫిజియోథెరపిస్టులకు ఆ సౌకర్యం లేదు. వాళ్ల చదువును ఒక్కొక్కటిగా పోల్చి చూస్తారు. పెద్ద తేడాలు కనిపించి, ఉద్యోగానుభవం కూడా వాటిని పూడ్చలేదనుకుంటే, పర్యవేక్షణలో పని చేయమనో పరీక్ష రాయమనో అడుగుతారు.

సమాఖ్య బయట చదివినవారి పరిస్థితి ఇంకా కష్టం. వాళ్ల పట్టాను ఒక సభ్య దేశం గుర్తించినా, ఆ గుర్తింపు దానంతటదే పక్క దేశంలో చెల్లదు. మొదట గుర్తించిన దేశంలో మూడేళ్లు ఆ వృత్తిలో పనిచేసినట్టు అక్కడి అధికారులు ధ్రువీకరిస్తేనే డైరెక్టివు కిందకు వస్తారు, అప్పుడు కూడా ఆటోమేటిక్ దారిలో కాదు. అర్జెంటీనాలో చదివి స్పెయిన్‌లో గుర్తింపు పొందిన వైద్యుడు హాక్స్‌మన్‌ను ఫ్రాన్స్ నిరాకరించినప్పుడు, అభ్యర్థి పట్టాలనూ అనుభవాన్నీ మొత్తంగా చూడాల్సిందేనని ఐరోపా న్యాయస్థానం 2000లో తీర్పు చెప్పింది. చేతిలో ఏళ్ల అనుభవమున్న నర్సును కొత్తగా చదువుకున్న మనిషిలా చూడడం ఆ తీర్పు స్ఫూర్తికి విరుద్ధమని నా అభిప్రాయం.

దరఖాస్తులు నింపడంలో తోటి ఉద్యోగులకు సాయపడేటప్పుడు నేను ఎక్కువగా చూసే ఇబ్బంది మాత్రం కాగితాల తేదీలది. దరఖాస్తు అందినట్టు అధికారులు నెలలోగా తెలియజేసి, ఏ పత్రాలు తక్కువయ్యాయో చెప్పాలి. ఆటోమేటిక్ గుర్తింపు విషయంలో ఫైలు పూర్తయిన నాటి నుంచి మూడు నెలల్లో నిర్ణయం ఇవ్వాలి. గడువు లెక్క మొదలయ్యేది ఫైలు పూర్తయ్యాకే. మరోవైపు సత్ప్రవర్తన, ఆరోగ్య ధ్రువపత్రాలు సమర్పించే నాటికి మూడు నెలలకు మించి పాతవి కాకూడదు. అనువాదం చేతికొచ్చేలోపు అసలు పత్రానికే కాలం చెల్లిపోయి, మళ్లీ మొదటి కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లను చూశాను. అందుకే కాలంతో మారని పట్టా, మార్కుల జాబితాల అనువాదాలు ముందు చేయించుకుని, ధ్రువపత్రాల కోసం చివరగా దరఖాస్తు పెట్టమంటాను. ఫైలు ఏ తేదీన పూర్తయినట్టు నమోదైందో కూడా రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి, ఎందుకంటే జాప్యం మీద అప్పీలుకు వెళ్లాల్సి వస్తే లెక్కకు వచ్చేది ఆ తేదీయే.